నాలుక చేను

విలాపాటా,
సెప్టెంబరు, గాలుల నెల

బావమరిది సబీనోకి,

నీ బావ నికాసియో రాయునది. మీ అక్క బసీలియా బాగుంది. నేనూ ఉన్నాను. గని నుంచి నువ్వు పంపిన అచ్చు కాగితం అందింది. సగం నేను చదివాను, సగం గొర్రె తినేసింది. ఏ సగం మంచిదో దానికే తెలియాలి.

నా అక్షరాలు వంకరని నవ్వకు. పరాగ్వేతో జరిగిన చాకో యుద్ధంలో కాలు పుండుపడి ఆసుపత్రి గుడారంలో పడి ఉన్నప్పుడు నేర్పింది నువ్వే. వంకర నీది.

విషయానికి వస్తా. రెండు వాగుల మధ్య ఉన్న నాలుక చేను ఏడేళ్ళ బీడు తరవాత ఈ ఏడు దున్నకానికి వస్తోంది. మా విలాపాటా వాళ్ళు మాదంటున్నారు. మీ చియారుమా వాళ్ళు మాదంటున్నారు. తాతలనాటి సరిహద్దు రాయి ఉంది గానీ, వాగు దారి మార్చుకుంది, రాయి మార్చుకోలేదు.

మొన్న నీ కొడుకు ఒక్తావియో మా గుమ్మం ముందు నుంచే పోయాడు. గనిలో పుట్టి పెరిగినవాడు, నిరుడే భూమి కోసం పైకి వచ్చాడు, వాడికీ ఈ తగువు అంటుకుంది. మీ అక్క కేకేసింది: "ఒరేయ్, మేనత్త గుమ్మం కనబడలేదా? కళ్ళలో దుమ్ము పడిందా?"

వాడు తల తిప్పలేదు. "కనబడింది అత్తా. గోడకి వేలాడే వడిసెల కూడా కనబడింది" అన్నాడు.

ఆ వడిసెల మా ఇలారియోది. సాయంత్రాలు కూర్చుని నల్ల ఉన్నీ, తెల్ల ఉన్నీ కలిపి పేనాడు. ఎవరి కోసంరా అన్నాను. నక్కల కోసం నాన్నా అన్నాడు. ఈ ఏడు నక్కలు రెండు కాళ్ళ మీద నడుస్తున్నాయా అన్నాను. నా కొడుకు నీ కొడుకుని కొడతాడో, నీ కొడుకు నా కొడుకుని కొడతాడో, ఏదైనా ఏడవాల్సింది మీ అక్కే. అదీ సంగతి.

పొద్దున్నే లోయలోంచి మబ్బు ఎక్కి వచ్చి ఆ చేను మీద పడుకుంటుంది. అప్పుడు మీ ఊరూ ఉండదు, మా ఊరూ ఉండదు. మబ్బులోంచి కుక్క అరుస్తుంది, ఎవరి కుక్కో తెలియదు. ఆ వేళకి నేను వెళ్ళి రాయి పక్కన కూర్చుంటున్నాను. ఆ వేళ ఎవడూ యుద్ధం చెయ్యలేడు. ఎవణ్ణి కొట్టాలో కనబడదు గనక.

యుద్ధం ఎందుకు వస్తుందో నీ కాగితంలో ఉందట. గొర్రె తిన్న సగం మళ్ళీ పంపు.

నికాసియో


గని, కార్మిక సంఘం గది,
అక్టోబరు

బావా,

గొర్రె తిన్నది పంపడం ఎందుకు, నేనే చెబుతాను.

చాకోకి మనం ఎందుకు పోయాం? ఆ ముళ్ళ పొదల కింద పెట్రోలు నూనె ఉందన్నారు. నూనె కావలసినవాళ్ళు ఆ ఎండలో ఒక్క పూట ఉన్నారా? అవతల పరాగ్వే కుర్రాడివీ చెప్పుల్లేని కాళ్ళే. వాడి గుడిసె వాడు వదిలి, మన గుడిసె మనం వదిలి, ఇద్దరికీ పేరు తెలియని నేల కోసం చచ్చాం. యుద్ధం పైనుంచి కిందికి కారుతుంది బావా, వానాకాలం ఇంటికప్పు నుంచి కారినట్టు. పైన దొరలు, కింద మనం. ఆ కప్పు పీకేస్తే కారడానికి ఏముంటుంది? వర్గాలు లేని సమాజం వచ్చిన రోజున ఎవడు ఎవణ్ణి పంపుతాడు, ఎవడు పోతాడు?

మీ చేను తగువూ అంతే. లోయలో మంచి నేల ఎప్పుడో పెద్దవాళ్ళు లాక్కున్నారు, మనకి రాళ్ళు మిగిల్చారు. ఆ రాళ్ళ కోసం మీలో మీరు కొట్టుకుంటున్నారు. ఊరి మీద ఊరు పడే చాహ్వా, పండుగనాటి తింకు, అన్నీ ఆకలి పుట్టించిన కొట్లాటలే. ఆ రోజు వస్తే మే నెల శిలువ పండుగలో తాగి ముక్కులు పగలగొట్టుకునే ఆ తింకు కూడా పోతుంది. దాని కోసం ఎవరూ ఏడవరు.

నాకు దగ్గు ఎక్కువైంది. డాక్టరు గని దుమ్ము అన్నాడు. దుమ్ములోనే ఉద్యోగం ఇచ్చి దుమ్ము తినొద్దంటాడు, వాడికేం పోయింది! అక్కకి చెప్పకు.

సబీనో


విలాపాటా,
అక్టోబరు చివర

సబీనో,

మీ అక్కకి చెప్పాను. నాకు దాచడం రాదు. ఏవో ఆకులు మూట కట్టింది, లారీవాడి చేత పంపుతున్నాం, కాచి తాగు.

కప్పు పీకేస్తే కారడం ఆగుతుందన్నావు. నిజమే, కారదు. వాన నేరుగా నెత్తి మీద పడుతుంది. ఇల్లు కట్టినవాణ్ణి నేను, అడిగితే చెప్పేవాణ్ణి.

ఇక్కడ దొర ఎవడురా? నాకు చూపించు, వెళ్ళి తంతాను. మా రెండు ఊళ్ళకీ దొర ఎప్పుడూ లేడు. నేల ఊరిది, పెద్దలు పంచితే దున్నుకుంటాం. నా ఇంట్లో ఉన్నదే పక్కింట్లో ఉంది, నా ఇంట్లో లేనిది పక్కింట్లోనూ లేదు. నువ్వు రాబోతుందని రాసిన లోకంలోనే మేం మొదటి నుంచీ ఉన్నాం. మరి వడిసెలలు ఎవడు పేనుతున్నాడు?

అయితే లోయ నేల మాట నువ్వు అన్నది నిజం. రాత్రి దాన్ని గురించే అనుకుంటూ పడుకున్నాను. తెల్లారగట్ల కల వచ్చింది. చేలన్నీ లేచి నడుస్తున్నాయి. లామాల మందలాగా వరసగా, మెడలు ఊపుకుంటూ, చప్పుడు లేకుండా కొండ దిగి పోతున్నాయి. ఏ చేను చెవికీ ఎవరిదో తెలిపే గుర్తుపోగు లేదు. నేను చివరిదాన్ని పట్టుకుని నువ్వు ఎవరిదానివి అని అడిగాను. అది నా చెయ్యి వాసన చూసి, నువ్వు ఎవరివాడివి అంది. లేచి మీ అక్కకి చెబితే, "మంచి కలే, తినడానికి ఏదో వస్తుంది" అంది. ఆవిడకి అన్ని కలలూ తిండి గురించే.

ఇంకొకటి. గనికి పోయి మాట కూడా మర్చిపోయావు. తింకునీ చాహ్వానీ ఒకే మూటలో కట్టేశావు. రెండు వాగులు కలిసేచోటుని మనం ఏమంటాం? తింకు అంటాం. తింకులో ఎదుటివాడి పేరు పెట్టి పిలుస్తాం. "ఒరే ఫలానావాడా, రా" అంటాం. ఒకడికి ఒకడు, ఉత్త చేతులు. నేలకి కాస్త రక్తం తాగిస్తాం, పంట కోసం. పొద్దువాలితే పగిలిన ముక్కువాడూ పగలగొట్టినవాడూ ఒకే బుర్రలో మొక్కజొన్న కల్లు తాగుతారు. మీ అక్కని నేను మొదట చూసింది అక్కడే, మీ అన్న నా ముందు పన్ను రాలగొట్టిన రోజున. అది లేకపోతే నీకు బావే లేడు.

చాహ్వాలో పేరు పిలవరు. దూరం నుంచి రాయి విసురుతారు, ఎవరికి తగిలిందో చూడరు. మనం చాకోలో చేసింది అది.

ఇక్కడ రాబోయేదీ అదే. కాగితాలు ఆపి నీ కొడుక్కి రాయి, వెనక్కి తగ్గమని. నా కొడుకుని నేను చూసుకుంటాను.

నికాసియో


గని,
నవంబరు

బావా,

నీ ఉత్తరం సంఘంలో చదివి వినిపించాను. కప్పు మాటకి అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మూడు రోజులు ఆలోచించాను.

దొర లేకపోయినా కొట్టుకుంటున్నారంటే, కలిసి కూర్చుని మాట్లాడే అలవాటు లేకనే. ఇక్కడ సైరన్ మోగితే ఎక్కడివాడు అక్కడ పని వదిలి సభకి వస్తాడు. తిట్టుకుంటాం, అరుచుకుంటాం, చేతులెత్తి తీర్మానం చేస్తాం. ఎవడూ చావడు. మనకి సైరన్ లేదు గానీ కొమ్ము ఉంది కదా.

ఒక్తావియోకి కబురు పెట్టాను. వచ్చే ఆదివారం మధ్యాహ్నం సరిహద్దు రాయి ఎక్కి కొమ్ము ఊదమన్నాను. రెండు ఊళ్ళవాళ్ళూ వస్తారు. అక్కడే ఇద్దరికీ కలిపి ఒకే సంఘం పెట్టండి, నాలుక చేను సంఘానిది చెయ్యండి. నువ్వు పెద్దవాడివి, నువ్వే అధ్యక్షుడివి. కోటు వేసుకో.

అక్క పంపిన ఆకులు చేదు. తాగుతున్నాను.

సబీనో


విలాపాటా,
నవంబరు, దుంపలు నాటే వేళ

ఓరి తెలివిమాలినవాడా,

నీ ఉత్తరం సోమవారం అందింది. కొమ్ము ఆదివారం మోగింది.

గని మన్ను నీ చెవుల్లో కూడా పడిందా? పని కొమ్ము ఎక్కడ ఊదుతారు? ఊరి పెద్ద ఇంటి ముంగిట, తెల్లారి. సరిహద్దు రాయి మీద, మిట్ట మధ్యాహ్నం ఊదేది ఏ కొమ్ము? నీకు పాలు తాగే నాడే చెప్పి ఉంటారు. నీ కొడుకు గని పిల్లాడు, వాడికి తెలియదు. నీకు తెలిసి ఉండాలి.

మబ్బు ఇంకా పూర్తిగా విడలేదు. నేను విత్తనపు దుంపలు కోస్తున్నాను. కొమ్ము మోగింది, ఆవు ఈనుతూ అరిచినట్టు. మీ అక్క చేతిలో కత్తి ఆగిపోయింది. "చాహ్వా" అంది, అంతే. ఇలారియో వడిసెల అందుకుని అప్పటికే గోడ దూకాడు.

మావాళ్ళు ఇటు గట్టు నిండా, మీవాళ్ళు అటు గట్టు నిండా. మధ్యలో రాయి మీద నీ కొడుకు ఒక్కడే, కొమ్ము పట్టుకుని, చక్కగా తల దువ్వుకుని. రెండు వైపులకీ చెయ్యి ఊపుతున్నాడు. "రండి, రండి, కూర్చోండి!" అంటున్నాడు. కూర్చోండి అట! మబ్బులో వాడు గాలిలో తేలుతున్నట్టు కనబడ్డాడు.

మొదటి రాయి ఎవరిదో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. వాడి చెవి పక్క నుంచి పోయింది. వాడికి అప్పుడు అర్థమైంది. దిగలేదు. కొమ్ముని రొమ్ముకి అదుముకుని అక్కడే నిలబడ్డాడు. అది నీ రక్తమే, ఒప్పుకుంటున్నాను.

మా ఇలారియో వడిసెల తిప్పడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు నీకు గుర్తుందిగా, పెద్ద తేనెటీగలాగా. నేను వాణ్ణి ఆపలేదు, ఆపితే ఇంకొకడు తిప్పుతాడు. చేతులు పైకెత్తి, ఉత్త చేతులని అందరికీ కనబడేట్టు, రాయి దగ్గరికి నడిచాను. నీ కొడుకు కాలు పట్టుకుని కిందికి లాగి, గట్టిగా అరిచాను: "ఒరే ఒక్తావియో! సబీనో కొడుకా! నేను నికాసియోని! రా!" అని మూతి మీద ఒక్కటి గుద్దాను.

వాడు నోరు తెరిచి, "ఎందుకు మావయ్యా?" అన్నాడు.

"కొట్టరా వెర్రివాడా, కొట్టు" అన్నాను మెల్లిగా.

కొట్టాడు. బాగానే కొట్టాడు.

రెండు గట్ల మీదా గోల ఆగిపోయింది. ఒకడికి ఒకడు, పేరు పెట్టి, ఉత్త చేతులు. అది చాహ్వా కాదని కళ్ళున్న ప్రతివాడికీ తెలుసు. అయితే తింకు మే నెలది, ఇది నాట్ల వేళ. ఏం చెయ్యాలో ఎవరికీ తెలియక నిలబడిపోయారు. అప్పుడు మీ అక్క పాట ఎత్తుకుంది. మే పాట.

నాకు ఒళ్ళు జలదరించింది సబీనో. ఆ పాట మంచుని పిలుస్తుంది. మేలో మంచు కావాలి, దుంపలు గడ్డకట్టించి ఆరబెట్టుకోవడానికి. నాట్ల వేళ ఆ పాట పాడేవాళ్ళు ఉండరు. కానీ ఆవిడ పాడింది. సన్నటి గొంతు, మబ్బులోంచి, ఎక్కడినుంచి వస్తుందో తెలియకుండా. అవతల గట్టున మీ వదిన అందుకుంది. తరవాత ఆడవాళ్ళందరూ. వడిసెలలు ఒకటొకటీ కిందపడ్డాయి. మగాళ్ళు ఎదురెదురుగా దిగి వచ్చారు, పేర్లు పెట్టి పిలుచుకుంటూ. మా ఇలారియో నీ కొడుకుని పిలిచాడు. నేను పక్కకి తప్పుకున్నాను.

పొద్దుగూకేసరికి చాలా ముక్కులు పగిలాయి, ఎవడూ చావలేదు. ఇలారియో, ఒక్తావియో ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులు వేసుకుని మా ఇంటికి వచ్చారు. ఇద్దరికీ కలిపి చూడటానికి మూడు కళ్ళే తెరుచుకుంటున్నాయి. మీ అక్క ఇద్దరినీ తిడుతూ గంజి పోసింది.

నా ఇంకో పన్ను పోయింది. అధ్యక్షుడికి కోటు అక్కర్లేకపోయింది.

నికాసియో


గని,
డిసెంబరు

బావా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సిగ్గుపడ్డాను. రెండోసారి, వాడి చెవి పక్క నుంచి పోయిన రాయి దగ్గర ఆగి కాగితం మడిచి పెట్టేశాను.

కొమ్ము సంగతి నిజంగా గుర్తు రాలేదు. ముప్పై ఏళ్ళు సైరన్ వింటే మనిషి ఏమైపోతాడో చూడు. కానీ బావా, ఒక్క మాట చెప్పనీ. దొరలు లేకపోబట్టే ఆగింది. అక్కడ ఒక్క దొర ఉండి ఉంటే, నువ్వు రాయి దగ్గరికి నడిచే లోపల నిన్ను వెనక నుంచి కాల్చి ఉండేవాడు. చాకోలో ఎవడైనా అలా చేతులెత్తి నడిచాడా? నడవనిచ్చారా?

పంటలు చేతికొస్తే అంతా సర్దుకుంటుంది. నీ పన్నుకి విచారిస్తున్నాను. ఎక్కువ కాదు.

సబీనో


విలాపాటా,
జనవరి

సబీనో,

చాకో మాట నిజం. నడవనివ్వలేదు. అది నీకు వదిలేస్తున్నాను.

మంచు పడింది.

దుంప మొక్కలు పువ్వు మీద ఉన్నాయి. పొద్దున లేచేసరికి మబ్బు లేదు. ఆకాశం కడిగిన గిన్నెలా ఉంది. కొండ కింది దాకా చేలన్నీ మెరుస్తున్నాయి, ఉప్పు పోసినట్టు. చాలా అందంగా ఉంది. ఎండ తగలగానే ఆకులన్నీ నల్లబడి వాలిపోయాయి. రెండు ఊళ్ళవీ. మంచు సరిహద్దు రాయి చూసుకోలేదు.

మొదటి రోజు మాడిన మొక్కలు చూసుకుంటూ తిరిగారు. రెండో రోజు మొదలైంది. మావాళ్ళు, "కొమ్ము ఊదింది వాళ్ళు" అన్నారు. మీవాళ్ళు, "మే పాట ఎత్తింది వాళ్ళు" అన్నారు. మూడో రోజుకి మా ఊళ్ళోనే ఒకడు అన్నాడు: "బసీలియా ఎవరి ఊరి ఆడపడుచు? చియారుమా మనిషే కదా. మన చేలు మాడ్చడానికే మంచుని పిలిచింది." ఆ మాట అన్నవాడి గడ్డం నా చేతిలో ఉండగా మీ అక్కే విడిపించింది. బావి దగ్గర ఆవిడ వస్తే మిగతా ఆడవాళ్ళు కుండలు తీసుకుని పోతున్నారు. ఆవిడ పాడడం సరే, మాట్లాడడం కూడా మానేసింది. గోడ మీది వడిసెలలు మళ్ళీ దిగాయి. ఈసారి ఏ పాటా ఆపదు, ఎవరూ పాడరు గనక.

రెండు ఊళ్ళ పెద్దలూ నిన్న రాయి దగ్గర కలిశారు. పాత పద్ధతి ఒకటి ఉంది. తప్పు చేసినవాడు అందరి ముందూ రాయి ఎక్కి "నేనే" అనాలి. దోసెడు మాడిన చేని మన్ను నోట్లో వేసుకోవాలి. అప్పుడు తప్పు మనిషిదవుతుంది, ఊరిది కాదు. మీ అక్క ముందుకు వెళ్ళబోయింది, నేను ఆపాను, ఆవిడ ఎక్కితే తప్పు మా ఊరిదో మీ ఊరిదో మళ్ళీ మొదలవుతుంది. ఒక్తావియో ఎక్కుతానన్నాడు. "ఊదిన నోరు కాదు బాబూ, ఊదించిన నోరు కావాలి" అన్నాడు పెద్ద. నువ్వు పుట్టింది అక్కడ, అక్కనిచ్చింది ఇక్కడ, బతికేది గనిలో. నువ్వు ఏ ఊరివాడివీ కాదు. నువ్వే కావాలి.

కార్నివాల్ పండుగ మంగళవారం లోపల రావాలి, అంతవరకే పెద్దలు కుర్రాళ్ళని ఆపుతామన్నారు. తరవాత నేను చెప్పలేను.

నికాసియో


గని,
ఫిబ్రవరి

బావా,

మంచు పాటకి రాదు. మబ్బు లేని రాత్రి నేలలో వేడి పైకి పోతుంది, దక్షిణం నుంచి చలిగాలి దిగుతుంది, మంచు పడుతుంది. అది పాడినా పడుతుంది, పాడకపోయినా పడుతుంది. నేను వచ్చి రాయెక్కి నేనే అంటే, అబద్ధం చెప్పినట్టు. ముప్పై ఏళ్ళుగా గనిలో కుర్రాళ్ళకి చెబుతున్నాను: కళ్ళు తెరవండి, మీ ఆకలికి కారణం దేవుడూ కాదు, దయ్యమూ కాదు, ఎదుటి పేదవాడూ కాదు అని. ఇప్పుడు నేనే వచ్చి ఆ కళ్ళకి గంతలు కట్టనా? వాళ్ళకి మంచు గురించి చెప్పు. నువ్వు చెబితే వింటారు. నిజం తెలిస్తే ఎవరినీ నిందించరు. నేను రాలేను.

ఇంతవరకూ పొద్దున రాశాను. సాయంత్రం గని నుంచి పైకి వచ్చి మళ్ళీ చదివాను. దాన్లో తప్పు ఒక్కటీ లేదు. మా అక్క పేరూ ఒక్కసారి లేదు.

శుక్రవారం ఉప్పు లారీలో వస్తున్నాను.

సబీనో


విలాపాటా,
మార్చి

సబీనో,

జాగ్రత్తగా చేరావని లారీవాడు చెప్పాడు. దగ్గు ఎలా ఉందో వాడు చెప్పలేదు, నువ్వు రాయి. నీకు నీ వీపు కనబడదు గనక, అటు తిరిగి నిలబడ్డప్పుడు ఏం జరిగిందో నేను రాస్తున్నాను.

నువ్వు ఆ గట్టు ఎక్కుతూ నాలుగుసార్లు ఆగావు. ఆగినప్పుడల్లా రెండు వైపులా ఒక్కటే అనుకున్నారు, వెనక్కి పోతాడని. మబ్బులో కాసేపు నువ్వు లేవు, దగ్గు మాత్రం ఉంది. తరవాత రాయి మీద కనబడ్డావు. "నేనే" అన్నావు. గొంతు చాలలేదు. మళ్ళీ అన్నావు: "సబీనోని. కొమ్ము ఊదించింది నేను. పాటకి కారణం నేను. మంచు నా వల్ల." ఆ చివరి మాట నీ నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు ఒక్కడికే తెలుసు. మన్ను నమిలేటప్పుడు మా పెద్ద మొహం తిప్పుకున్నాడు. అది నీకు కనబడి ఉండదు. మీ అక్క తిప్పుకోలేదు.

అందరూ నమ్మారనుకోకు. మా ఊళ్ళో తెలివైనవాళ్ళూ ఉన్నారు. "మంచు ఎవడివల్లో పడుతుందా?" అని ఒకడు నా చెవిలో అన్నాడు. అని, ఇంటికి పోయి వడిసెలని దూలం మీదికి విసిరేశాడు. మర్నాడు బావి దగ్గర మీ అక్క కుండకి ఎవరో చెయ్యి వేశారు. ఆవిడ ఇంటికి వచ్చి, "నీళ్ళు బరువుగా ఉన్నాయి ఇవాళ" అంది. ఇన్ని వారాల తరవాత అదే మొదటి మాట.

నువ్వు మొదటి ఉత్తరంలో అడిగినదానికి నా జవాబు రాసుకో. దొరలు పోతే పెద్ద యుద్ధాలు పోతాయి. ఒప్పుకున్నాను. నన్ను చాకోకి పంపడానికి ఎవడూ ఉండడు. అది చిన్న సంగతి కాదు, అది తెచ్చిపెడితే నీకు దణ్ణం పెడతాను. చిన్నది మిగులుతుంది. చేను మాడిన పొద్దున "ఎవడు?" అని పక్కవాడి వైపు చూస్తామే, ఆ చూపు. దానికి మీ కాగితంలో మందు లేదు. గొర్రె తిన్న సగంలో ఉందేమో నాకు తెలియదు. నేను చూసిన మందు ఒక్కటే, చెయ్యని తప్పుకి ఒకడు వచ్చి రాయి ఎక్కడం. నీ సంఘంలో అలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో ముందు చూసుకో.

నాలుక చేను ఎవరిదో తేలలేదు. మేలో గుద్దులతో తేలుస్తాం, తరవాతి మేలో మళ్ళీ తేలుస్తాం. ఈలోగా రెండు ఊళ్ళూ కలిసి బార్లీ చల్లాం. ఆలస్యమైంది, గింజ పట్టదు, పశువులకి మేత అవుతుంది.

చల్లిన రోజున చేను గట్టు మీద ఒకే పొయ్యి పెట్టారు. రెండు ఊళ్ళ ముసలమ్మలూ చుట్టూ కూర్చున్నారు. ఎవరికి ఎవరితో ఏం మాట్లాడాలో తోచలేదు. చివరికి మీ ఊరి ముసలమ్మ ఒకతె నిట్టూర్చి, "ఆ దగ్గుల సబీనోగాడు మా వైపు పుట్టడం మా ఖర్మ" అంది.

"వాడి అక్కని తెచ్చుకుని చుట్టరికం కలుపుకోవడం మా ఖర్మ కాదూ!" అంది మా వైపు నుంచి ఒకతె.

"చిన్నప్పుడే వాడికి చెవులు కుట్టించి ఉంటే కొమ్ముకీ కొమ్ముకీ తేడా తెలిసేది."

"చెవులుంటే కదమ్మా కుట్టించడానికి!"

ఇక చూసుకో. నీ పుట్టుక, నీ నడక, నీ కాగితాలు, నీ కోటు. ఒకతె మొదలుపెట్టిన తిట్టుని అవతలి ఊరిది పూర్తి చేస్తోంది, నవ్వుకుంటున్నారు, కళ్ళు తుడుచుకుంటున్నారు. మీ అక్క కూడా రెండు తిట్లు కలిపింది, బాగా కొత్తవి. పొద్దు వాలుతున్నా ఎవరూ లేవలేదు. పొయ్యి మందగిస్తుంటే ఒక్తావియో కట్టెలు ఎగదోశాడు. ఇలారియో ముసలమ్మలందరికీ వరసగా నీళ్ళు అందించాడు, వాళ్ళ గొంతులు ఎండిపోకుండా.

నీ బావ
నికాసియో